కరిగిపోయే ప్లేటు

యోస్రా చనిపోయింది కాలు విరిగినప్పుడు కాదు. విరిగిన కాలు అతుక్కుని, పిల్ల బడికి వెళ్ళి, తాడాట కూడా మొదలుపెట్టాక, లోపల బిగించిన లోహపు ప్లేటు తీయించడానికి రెండోసారి ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు చనిపోయింది. ఎదిగే వయసులో ప్లేటు అలాగే ఉంచేస్తే ఎముక దాని మీదుగా పెరిగి మూసేస్తుందని, తర్వాత తీయడం కష్టమని డాక్టర్లు చెప్పారు. చిన్న పనే, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చన్నారు. ప్లేటు తీశారు. కుట్లు వేస్తుండగా గుండె ఆగింది. ఎవరి తప్పూ లేదన్నారు. లేకపోవచ్చు. కడిగిన ప్లేటును చిన్న సంచిలో పెట్టి తల్లి చేతికిచ్చారు.

తల్లి పేరు నెజియా. ట్యూనిస్‌కి దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న స్ఫాక్స్ ఊళ్ళో ఒక కాలేజీ ప్రయోగశాలలో పనిచేసేది. ఆలివ్ గింజల పొడిని ప్లాస్టిక్‌లో కలిపి పెట్టెలకీ తలుపులకీ పనికొచ్చే పలకలు చేసే చోటు అది. గింజలు మరపట్టడం, జల్లించడం, ఆరబెట్టడం, యంత్రంలో పోయడం ఆమె పని. నలభై రోజులు ఇంట్లో ఉండి తిరిగి వచ్చింది. అందరూ గొంతు తగ్గించి మాట్లాడారు. ఆమె తెల్ల కోటు తొడుక్కుని జల్లెడ ముందు కూర్చుంది. ఆమె భర్త గాబెస్‌లో పని దొరికిందని వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. పోట్లాటేమీ జరగలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు, అంతే.

ఒకరోజు ఆమె ప్రయోగశాల పెద్ద, ఆచార్యుడు నౌఫెల్ గది గుమ్మంలో నిలబడింది. నౌఫెల్ గారు అన్నట్టుగా అందరూ ఆయన్ని సీ నౌఫెల్ అంటారు.

"సీ నౌఫెల్, ఈ ప్లాస్టిక్ మొక్కజొన్నతో చేసిందే కదా. మట్టిలో వేస్తే కరుగుతుందంటారు. మరి ఒంట్లో పెడితే?"

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఎందుకడుగుతోందో తెలుసు.

"కరుగుతుంది నెజియా. పెద్ద దేశాల్లో చేస్తున్నారు కూడా. ఎప్పుడు కరుగుతుందన్నదే అసలు సంగతి. తొందరగా కరిగితే ఎముక మళ్ళీ విరుగుతుంది. మరీ ఆలస్యమైతే మళ్ళీ కొయ్యాలి. పైగా కరిగేటప్పుడు పులుపు పుడుతుంది. చుట్టూ కండ వాస్తుంది."

"పులుపుకి విరుగుడు సున్నం కదా," అంది ఆమె.

"అవును, సున్నమే. దొరికేది ఎక్కడ, కలిపేది ఎంత, అది చూడాలి," అన్నాడాయన. బల్ల పక్క కుర్చీ ముందుకు లాగాడు. "కూర్చో," అన్నాడు.

అలా మొదలైంది. మొదట తమకు తెలిసిన ఆలివ్ గింజల పొడితోనే చేసి చూశారు. అది చెక్క లాంటిది. ఒంట్లో ఇమడలేదు. తర్వాత చేపల బజారుకి వెళ్ళారు. ఆ తీరంలో వలల నిండా కటిల్ చేపలు పడతాయి. వాటి వీపులో తెల్లగా, తేలికగా ఒక పెంకు ఉంటుంది. దినుసుల కొట్లలో సముద్రపు నురుగని అమ్మేది అదే. అంతా సున్నం. ఎముకకు కావలసినదీ అదే. స్ఫాక్స్‌లో చేపలు బాగుచేసేవాళ్ళు దాన్ని పేగులతో పాటు బుట్టలోకి విసిరేస్తారు. పంజరంలో పిట్టలు పెంచేవాళ్ళు మాత్రం ముక్కు అరగదీసుకోవడానికి ఒకటి తీసుకెళ్ళి ఊచలకి గుచ్చుతారు.

నెజియా వారానికి రెండు సంచులు తెచ్చేది. బాబ్ జెబ్లీ బజారులో చేపలు కోసే ఖమైస్‌కి ఆమె రాక వినోదం.

"ఇదిగో వచ్చింది పిట్టల పెద్దమ్మ! ఎన్ని పిట్టలమ్మా నీకు, ఊళ్ళో పెంకులన్నీ చాలట్లేదు?"

"నీ నోరు మూతపడే మందు చేస్తున్నాలే. ఇంకో సంచి కావాలి."

"నా పెళ్ళానిక్కూడా కాస్త పెట్టు, నోటికి."

"ఆవిడ ముందే అడిగింది, నీ కోసం."

పక్క బల్లల వాళ్ళు నవ్వేవాళ్ళు. ఖమైస్ నవ్వుతూనే పెంకులకి అంటిన చేప సిరా కడిగి ఇచ్చేవాడు. ఎందుకని ఎప్పుడూ గట్టిగా అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదేమో.

పెంకులు ఉప్పు పోయేదాకా నీళ్ళు మార్చి నానబెట్టాలి. ఎండబెట్టాలి. పొడి చేయాలి. ఆ పొడి గాలిలో తడిని పీల్చుకుంటుంది. తడి ఉన్న పొడిని వేడి ప్లాస్టిక్‌లో కలిపితే ప్లాస్టిక్ లోలోపల తెగిపోతుంది. పైకి బాగానే కనిపించే పలక చేత్తో వంచితే బిస్కెట్‌లా విరుగుతుంది. ఒక చలికాలం సముద్రపు గాలి వల్ల చేసిందంతా పాడైంది. ఆ తర్వాత నుంచి నెజియా పొడిని పొయ్యిలోంచి తీసి, మూత తెరవకుండా తువ్వాలు చుట్టి, పసిబిడ్డను మోసినట్టు యంత్రం దాకా మోసుకెళ్ళేది. తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు కాదు. పసిబిడ్డ అన్న మాట ఎవరికైనా నాలుక చివరి దాకా వచ్చినా అక్కడే ఆగేది.

ఏళ్ళు పట్టింది. ముందు ఉప్పునీళ్ళ గాజు పాత్రల్లో, తర్వాత కుందేళ్ళలో చూశారు. వాపు రాలేదు. ఎముక అతికింది. చివరికి గొర్రెల దాకా వచ్చారు. గొర్రె బరువు పిల్లల బరువుకి దగ్గర. గొర్రె కాలిలో ఏడాది తర్వాత ఎముక నిండుగా ఉండి, ప్లేటు పూర్తిగా కరిగిపోయి ఉంటే, కొద్దిమంది పిల్లల ముంజేతుల్లో పెట్టి చూడడానికి ట్యూనిస్‌లోని వైద్య ప్రయోగాల సంఘం అనుమతి ఇస్తుంది. సీ నౌఫెల్ ఈ గొర్రెల పరీక్ష ముగిసిన తర్వాతి ఏడు ఉద్యోగం నుంచి దిగిపోవాలి. ఆయన వెళ్ళాక దీన్ని పట్టించుకునేవాళ్ళు లేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

బక్రీదు పెద్ద పండగకు అమ్ముడుపోని గొర్రెలు పండగ మర్నాటికి చవక. అందుకని పండగ దాటగానే నాలుగు కొన్నారు. పశువుల డాక్టరు ఒక్కోదాని కింది కాలి ఎముకను సగం దాకా కోసి, నెజియా చేసిన ప్లేటు పెట్టి, ఆ ప్లాస్టిక్‌తోనే చేసిన మేకులు బిగించి, కుట్టు వేశాడు. కాలేజీ పశువుల పాక కప్పు కూలి ఏడాది దాటింది. వాటిని ఎక్కడ ఉంచాలన్న మాట వచ్చింది.

"మా నాన్న ఉన్నాడు," అంది నెజియా.

ఆమె తండ్రి బెల్‌గాసెమ్ గ్రెమ్దా దారిలో నాగజెముడు కంచె లోపల పది బాదం చెట్లు, కొన్ని ఆలివ్ చెట్లు, ఆరేడు గొర్రెలు పెట్టుకుని ఒంటరిగా ఉండేవాడు. మక్కా వెళ్ళొచ్చినవాడు. ఊళ్ళో అందరికీ హాజీ. యోస్రాకి నడక నేర్పింది ఆ బాదం చెట్ల కిందే. పిల్ల పోయాక ఆయన పేరు పెట్టి పలకడం మానేశాడు. "మన అమ్మాయి" అనేవాడు.

గొర్రెల్ని దించిన రోజు ఆయన ఒక్కోదాని పళ్ళు చూశాడు, కళ్ళు చూశాడు, కట్టు కట్టిన కాళ్ళు చూసి నాలుక చప్పరించాడు.

"బాగున్న కాళ్ళు కోసి బాగు చేస్తారా? దీన్నేనా చదువంటారు?"

"అతుక్కుంటాయి నాన్నా. లోపల పెట్టింది కరిగిపోతుంది. మళ్ళీ కొయ్యక్కర్లేదు."

ఆయన గడ్డి మోపు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"మళ్ళీ కొయ్యక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"పిల్లలకి కూడానా?"

"పిల్లల కోసమే."

ఆయన గడ్డి మోపు విప్పి తొట్టిలో వేశాడు. "ఎన్నాళ్ళుంచాలి?"

"ఏడాది."

"ఏడాదయ్యాక?"

"సూది వేసి పడుకోబెడతారు. నొప్పి తెలీదు. తర్వాత ఎముక తీసి చూస్తారు."

"సూదితోనా? అల్లా పేరు చెప్పకుండా? మరి మాంసం?"

"కాల్చేస్తారు నాన్నా."

"తగలబెట్టండి, మీ చదువులు తగలబెట్టండి," అన్నాడు బెల్‌గాసెమ్. కానీ ఆ రాత్రి నుంచే పాకలో చాప వేసుకుని వాటి పక్కన పడుకున్నాడు.

సగం ఏడాదికి రెండింటిని తీసుకెళ్ళి చూశారు. ఎముక పట్టు దొరికించుకుంది. ప్లేటు అంచులు మెత్తబడ్డాయి, నడిమి భాగం ఇంకా గట్టిగా ఉంది. సరిగ్గా అలాగే ఉండాలి. సీ నౌఫెల్ ఆ రోజు అందరికీ నాన్‌ఖటాయిల్లాంటి శనగపిండి ఘ్రైబా తెప్పించాడు. మూడోది వాన వెలిశాక పచ్చి మేత తిని కడుపుబ్బి చచ్చిపోయింది. బెల్‌గాసెమ్ తన తప్పేనని నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. మిగిలింది ఒక్కటి. చెవికి పసుపు బిళ్ళ ఉన్న మగది. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని ఈ ప్లాస్టిక్ కనబడదు. లోపల అది ఉందో పోయిందో తెలియాలంటే ఏడాది నిండాక కోసి చూడవలసిందే. అంతా ఆ ఒక్క కాలిలో ఉంది.

మళ్ళీ పండగ వచ్చింది.

పండగ ఉదయం నెజియా ముందు గోరీల దగ్గరకు వెళ్ళింది. అందరూ వెళ్ళేదే. యోస్రా రాతి మీద నీళ్ళు చల్లి, కాసేపు కూర్చుని, బస్సు లేక నడిచి గ్రెమ్దా దారి పట్టింది. మలుపు దగ్గర కుర్రాళ్ళు ఇనప మంచం పట్టీ అడ్డంగా వేసి, కింద మంట పెట్టి, ఇళ్ళ నుంచి తెచ్చిన తలకాయలూ కాళ్ళూ దాని మీద పరిచి బొచ్చు కాలుస్తున్నారు. కమురు వాసన వీధంతా ఉంది. ఒకడు పొగలోంచి అరిచాడు.

"పండగ శుభాకాంక్షలు, నెజియత్తా! హాజీ తాత ఈసారి అందరికంటే ముందే కోసేశాడు!"

ఇంటి ముందు బాదం కొమ్మకి తోలు ఒలిచిన పొట్టేలు వేలాడుతోంది. బెల్‌గాసెమ్ కొత్త జుబ్బా మీద గోనె కట్టుకుని ఉన్నాడు. మొహం కడిగినట్టుంది. పొరుగావిడ వసీలా పేగులు కడుగుతోంది.

"రా బిడ్డా, రా. అల్లా స్వీకరించుగాక. ముందిది తిను, వేడిగా ఉంది."

నిప్పుల మీద కాల్చిన కార్జం, ఉప్పు, జీలకర్ర, పొద్దున్నే కాల్చిన రొట్టె. నెజియా ఎండన పడి నడిచి వచ్చింది. ఆకలిగా ఉంది. నిలబడే తింది. బాగుంది. రెండో ముక్క కూడా తీసుకుంది.

"మంచి పొట్టేలే నాన్నా. నువ్వు పెంచింది కదా."

"నేను పెంచిందేలే. నాది కాదు గాని."

"అంటే?"

వసీలా తల తిప్పకుండా నవ్వింది. "మీ నాన్న పొట్టేలు వారం కిందట గిట్ట వాచి కుంటడం మొదలెట్టింది నెజియా. కుంటిది ఖుర్బానీకి చెల్లదు కదా. ఈయన మొహం చూడాలి. తనకే కాలు విరిగినట్టు కూర్చున్నాడు."

"నవ్వు నవ్వు," అన్నాడు బెల్‌గాసెమ్. "నీ మొగుడు కొన్నదానికి ఒక కన్ను పూసింది, నేనేమన్నా అన్నానా?" కూతురి వైపు తిరిగాడు.  "నేను అనుకున్నాను బిడ్డా. ఏడాది అన్నావు. ఆ పండగకి వచ్చింది, ఈ పండగకి ఏడాది అయింది. ఎలాగూ మీవాళ్ళు సూదితో చంపి తగలబెడతారు. ఎవరికి లాభం? ఇమామ్‌ని అడిగాను, చెవికి బిళ్ళ చిల్లుంది, పనికొస్తుందా అని. అంత చిన్న చిల్లుకి ఫర్వాలేదన్నాడు. కాలు కోసి అతికించింది అని కూడా చెప్పాను. నడిపించి చూపించమన్నాడు. మసీదు ముందు నడిపించాను. అటు, ఇటు. పదిమంది చూశారు. ఏ కాలో చెప్పండిరా అన్నాను. ఒక్కడు చెప్పలేకపోయాడు."

నెజియా చేతిలో రొట్టె అలాగే ఉంది.

ఏడాది అంటే ఆయనకు పండగ నుంచి పండగ. పండగ లెక్క చంద్రుడిది. అది ఏటా పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. కాళ్ళు కోసింది పండగయిన రెండు మూడు రోజులకి కాబట్టి, ప్రయోగశాల గోడ మీది క్యాలెండరులో ఇంకా రెండు వారాలున్నాయి. ఆమె తారీఖు చెప్పలేదు. ఏడాది అని మాత్రమే చెప్పింది. అందరూ అనే మాటే అది.

"మన అమ్మాయి పేరు మీద కోశాను," అన్నాడు బెల్‌గాసెమ్. "కత్తి పెట్టినప్పుడు ఆమె పేరు చెప్పాను. ఇన్నాళ్ళకి చెప్పాను."

వసీలా చేతులు ఆగాయి. 

"ఆ కాలు ఏది నాన్నా?" అంది నెజియా.

"ఉంది. మర్చిపోతానా?" ఆయన లోపలికి వెళ్ళి తెల్లటి గుడ్డ మూట తెచ్చాడు. రెండు చేతులతో పట్టుకుని తెచ్చాడు. "మీకు కావలసింది ఎముకే కదా. అందరికంటే ముందు మన కాలే కాల్చమన్నాను కుర్రాళ్ళని. గీకి, ఉడకబెట్టి, మాంసం ఒక్క పోగు లేకుండా ఒలిచాను. మీవాళ్ళు ఇంత శుభ్రంగా తియ్యలేరు. చూడు."

ఎముక ఇంకా వెచ్చగా ఉంది. తెల్లగా ఉంది. కోసిన చోట వేలితో తడిమితే సన్నని గట్టు తగిలింది. అతికింది. బాగా అతికింది. ప్లేటు ఉండాల్సిన చోట ఏమీ లేదు. మేకుల చిల్లులు ఒకటి రెండు చోట్ల గుంటల్లా కనిపించాయి. అవీ దాదాపు పూడిపోయాయి.

ఆ ప్లాస్టిక్ కొద్దిపాటి వేడికే మెత్తబడుతుంది, మంట తగిలితే కారిపోతుంది. ఆ సంగతి ఈ ఊళ్ళో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఏడాది పొడుగునా ఆ ఒళ్ళే కొంచెం కొంచెంగా కరిగించుకుందా, ఈ ఉదయం మలుపు దగ్గర మంటలో కారిపోయిందా, గిన్నెలో నీళ్ళతో పోయిందా. ఇక ఎవరూ చెప్పలేరు.

బెల్‌గాసెమ్ ఆమె మొహం చూస్తున్నాడు.

"ఏం బిడ్డా? ఏమన్నా పొరపాటు చేశానా?"

"లేదు నాన్నా."

"మరి?"

"పొగ. కళ్ళు మండుతున్నాయి."

"ఆ మలుపు వెధవలు," అన్నాడాయన. "గాలివాటం చూసుకోరు."

ఆమె ఎముకను మళ్ళీ గుడ్డలో చుట్టింది. చేతిలో మిగిలిన రొట్టె తినేసింది.

సీ నౌఫెల్‌కి ఫోను చేసినప్పుడు అవతల పిల్లల అల్లరి వినిపిస్తోంది. ఆయన తలుపు వేసుకున్నాడు.

"కాల్చాడా?"

"కాల్చి, ఉడకబెట్టాడు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"మీ నాన్నగారికి తెలుసా?"

"తెలీదు. చెప్పకండి."

పండగ సెలవుల్లోనే ప్రయోగశాల తలుపు తీయించి ఇద్దరే ఎముకను పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. లోపల కొత్త ఎముక గూడు కట్టినట్టు నిండుగా ఉంది. ప్లాస్టిక్ జాడ లేదు. అంచున మంట తగిలిన చోట మాత్రం సన్నని గోధుమరంగు గీత. ఆయన చూసి, లేచి, ఆమెను చూడమన్నాడు. ఆమె చాలాసేపు చూసింది.

"కాల్చిన సంగతి చెప్పకపోతే?" అంది, కన్ను తీయకుండానే.

 ఆయనకీ ఆ ఆలోచన ముందే వచ్చిందని ఆయన జవాబులోనే తెలిసింది.

"చెప్పకపోతే ఒప్పుకుంటారు," అన్నాడు. "ఆ గీతని కొంచెం గీకేస్తే ఎవరికీ తెలీదు. తర్వాత ఎవరో పిల్ల చేతిలో పెడతారు. ఏడాది తర్వాత కరక్కుండా అలాగే ఉంటే, తీయడానికి మళ్ళీ బల్ల ఎక్కిస్తారు."

నెజియా సూక్ష్మదర్శిని దీపం ఆర్పింది.

"మీరు రాసెయ్యండి, జరిగింది జరిగినట్టు," అంది.

మర్నాడు ఆయన పండగ పలకరింపుకని గ్రెమ్దా దారికి వచ్చాడు. ఒక ఆచార్యుడు తన గుమ్మం తొక్కడం బెల్‌గాసెమ్‌కి గొప్ప. బాదం చెట్టు కింద చాప పరిచాడు. పెద్ద పళ్ళెంలో గోధుమ రవ్వతో వండిన కుస్‌కుసీ, దాని మీద మాంసం, శనగలు, గుమ్మడి ముక్కలు. మంచి ముక్కలన్నీ అతిథి వైపు తోశాడు.

"తినండి సీ నౌఫెల్. మొహమాటపడకండి. మీదే కదా. మీ పొట్టేలే."

ఆయన తిన్నాడు. నెజియా ఆయన చేతినే చూసింది. ఆయన రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

"చాలా బాగుంది హాజీ. ఎలా నడిచేది ఇది?"

"నడకా? పెళ్ళికూతురు! మొదటి నెల కాస్త మొరాయించింది. కట్టు విప్పాక నేల మీద మోపడానికి భయపడేది. నేను ముందు బార్లీ పట్టుకుని వెనక్కి నడిచేవాణ్ణి. పిల్లలకి నేర్పినట్టు."

"కూర్చుని లేచేటప్పుడు ఆ కాలు ముందు వేసేదా, రెండోదా?"

"ఆ కాలే. దాని మీదే బరువంతా."

"చలికాలంలో?"

"చలికాలంలోనూ అంతే. నాకైతే మోకాళ్ళు పట్టేస్తాయి, దానికేం లేదు. ఒకసారి కంచె దూకింది కూడా. నాగజెముడు ముళ్ళు తియ్యడానికి నాకు పొద్దుగుంకింది."

"ఎప్పుడైనా ఆ చోట వాపు? వేడిగా ఉండడం?"

"రోజూ చేత్తో తడిమేవాణ్ణి. ఎప్పుడూ లేదు."

సీ నౌఫెల్ ఒక్కొక్కటే అడిగాడు. బెల్‌గాసెమ్ సంబరంగా చెప్పాడు. ఆ పదార్థం గురించి ఇక ఎవరికైనా తెలిసేది ఆ చాప మీద చెప్పుకున్నంతే. నెజియా టీ గ్లాసుల్లో బాదం పలుకులు వేసి తెచ్చింది.

"ఇంతకీ మీ పని అయినట్టేనా?" అని అడిగాడు బెల్‌గాసెమ్. "కాలు చూశారుగా?"

"చూశాం హాజీ. చక్కగా అతికింది."

"నేను చెప్పలా?" అని ఆయన కూతురి వైపు చూసి నవ్వాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత అలా నవ్వాడు.

ట్యూనిస్ సంఘం మర్యాదగానే జవాబిచ్చింది. ఎముక అతికిన తీరు ఆశ కలిగిస్తోంది, పదార్థం సంగతి తేలలేదు, కొత్త గొర్రెలతో మళ్ళీ మొదలుపెట్టండి. సీ నౌఫెల్ పై ఏడు దిగిపోయాడు. ఆయన చోట వచ్చిన కొత్త ఆచార్యురాలు మంచిదే. ఆమెకు డబ్బు వచ్చేది వాడి పారేసే చెంచాలకీ గిన్నెలకీ. అదే ప్లాస్టిక్, మళ్ళీ ఆలివ్ గింజల పొడి. నెజియా ఆ పొడిని జల్లించింది. చెంచాలకి తడి ఉన్నా పెద్ద నష్టం లేదు. తువ్వాలు చుట్టి మొయ్యడం మానలేదు. చేపల బజారుకి వెళ్ళడం మానేసింది. ఖమైస్ ఒకటి రెండుసార్లు ఎవరినో అడిగాడట, పిట్టల పెద్దమ్మ ఏదని.

శుక్రవారాలు తండ్రి దగ్గరకు వెళ్ళేది. ఆయన టీ పెట్టి, మొదటి గుటక కాగానే అదే అడిగేవాడు.

"ఎవరికన్నా వేశారా?"

"ఇంకా లేదు నాన్నా. కాయితాలు తిరుగుతున్నాయి."

"గొర్రె నడిచిందని చెప్పారా వాళ్ళకి?"

"చెప్పాం."

"పదిమంది చూశారు. ఇమామ్‌ని సాక్ష్యం రమ్మన్నా వస్తాడు."

"అవసరమైతే పిలుస్తాంలే."

"ట్యూనిస్ వాళ్ళకి నడక చూడ్డం తెలుసో లేదో," అని గొణిగేవాడు. పై వారం మళ్ళీ అడిగేవాడు. ఆమెకు ఆ గుమ్మం ఎక్కడం కష్టమైంది. అయినా మానలేదు. ఏ శుక్రవారమైనా నిజం చెప్పేయవచ్చు. చెబితే ఆయన ఏమంటాడో కూడా తెలుసు. ఏమీ అనడు. కత్తి పెట్టినప్పుడు ఎవరి పేరు చెప్పాడో ఆ పేరు మళ్ళీ నోట రానివ్వడు.

మరో చలికాలం ఆయన మంచుకి తడిసిన మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ వయసులో కొయ్యడం మంచిది కాదని డాక్టర్లు మంచానికే వదిలేశారు. నెజియా చెంచాల పనికి సెలవు పెట్టి ఆయన దగ్గరే ఉండిపోయింది. వసీలా వచ్చి వంట చేసేది, ఆయన్ని ఏడిపించేది.

"లేవవయ్యా హాజీ, నీ గొర్రె నీకంటే నయం."

"దానికి మా అమ్మాయి వైద్యం చేసింది. నాకు చేసింది ఎవడో," అనేవాడు.

ఒక మధ్యాహ్నం వసీలా వెళ్ళిపోయాక ఆయన గోడ వైపు తిరిగి పడుకుని అడిగాడు. ఈసారి అడిగిన తీరు వేరు. జవాబు కోసం ఎదురు చూడని గొంతు.

"వెయ్యలేదు కదూ ఎవరికీ?"

నెజియా ఆయన కాళ్ళకు ఆలివ్ నూనె రాస్తోంది. చేతులు ఆపలేదు.

"వేశారు నాన్నా."

ఆయన మెడ తిప్పాడు.

"నీకు ఒళ్ళు బాగాలేదని చెప్పలేదు. పోయిన నెల. గాబెస్ నుంచి వచ్చిన పిల్ల."

"ఆడపిల్లా?"

"ఆడపిల్లే."

"చెయ్యా?"

"కాలు. చెయ్యే అన్నారు గాని, ఈ పిల్లకి కాల్లోనే వేశారు."

"నడుస్తోందా?"

"నడుస్తోంది. ముందు భయపడింది. ఇప్పుడు నడుస్తోంది."

"భయపడుతుంది," అన్నాడాయన. "ముందర నిలబడి వెనక్కి నడవాలి. ఏదన్నా చూపిస్తూ. వాళ్ళమ్మకి చెప్పావా?"

"చెప్పాను."

"మళ్ళీ తీయించడానికి తీసుకురమ్మన్నారా?"

"లేదు నాన్నా. అక్కర్లేదు. అదే కరిగిపోతుంది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుంది. సీసా మూత పెట్టి లేవబోయింది.

"ఒకసారి ఇక్కడికి తీసుకురా ఆ పిల్లని," అన్నాడు. "చూస్తాను. నడక చూస్తే చెప్పేస్తాను నేను."

"తెస్తాను. దూరం కదా. ఎండలు తగ్గాక తెస్తాను."

"ఎండలు తగ్గాక తే. బాదం కాయలు కూడా ఎండుతాయి అప్పటికి. పిల్లకి కాసిని ఇవ్వొచ్చు."

ఎండలు ఇంకా మొదలే కాలేదు. అప్పటికి ఫిబ్రవరి. చెట్లు పూత మీద ఉన్నాయి. ఆ తర్వాత ఆయన ఆ పిల్ల గురించి రోజూ అడిగాడు. పేరేమిటని, బడికి పోతోందా అని, తల్లి ఉందా అని. నెజియా రోజూ కొంచెం చెప్పింది. పేరు మాత్రం, ఆస్పత్రివాళ్ళు చెప్పకూడదన్నారని దాటేసింది. ఆయన సరేలే అన్నాడు. పూత రాలకముందే పోయాడు.

నలభై రోజులు అయ్యాక ఆమె పనికి వెళ్ళింది. కొత్త ఆచార్యురాలు లేచి వచ్చి చేయి పట్టుకుంది, కావాలంటే ఇంకొన్నాళ్ళు ఉండమంది. నెజియా వద్దంది. తెల్ల కోటు తొడుక్కుంది. జల్లెడ ముందు కూర్చుంది. ఆ వేళ ఎండుతున్న పొడి చాలా ఉంది.